మోటారు షాపు రాతలు రైతు ఫోన్‌దాకా ఎలా చేరాయి

మాది చిత్తూరు సంతపేటలో మోటారు వైండింగ్ షాపు, అంటే కాలిన మోటార్లలో రాగి తీగ కొత్తగా చుట్టే పని. బోరు మోటార్లు, మోనోబ్లాకులు, స్టార్టర్లు చూస్తాం, అప్పుడప్పుడూ పిండిమర మోటార్లు కూడా వస్తుంటాయి. రైతులు అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. మోటారు ఎందుకు కాలింది? రీవైండింగ్ చేయించాలా, కొత్తది కొనాలా? మూడు ఫేజుల మీద, అంటే మూడు కరెంటు తీగల మీద, ఆడాల్సిన మోటారును కెపాసిటర్ పెట్టి రెండింటి మీద ఆడిస్తే ఏమవుతుంది? నాయన కౌంటరు దగ్గర రోజంతా చెప్పేది ఇదే. ఆ మాటలనే తెలుగులో వ్యాసాలుగా రాసి మా షాపు వెబ్‌సైటులో పెట్టాను. విషయం ఇంట్లోనే ఉంది కాబట్టి రాయడానికి పెద్దగా కష్టపడలేదు. వాటిని చదివించడానికి మాత్రం ఓ ఏడాది పైనే పట్టింది.

మొదట రాసింది ఒక ఫేజు పోతే మోటారు ఎందుకు కాలుతుందన్న దాని మీద. త్రీఫేజ్ మోటారు ఆడుతుండగా ఒక ఫేజు పోతే అది ఆగదు, మిగిలిన రెండింటి మీదే ఈడుస్తుంది. మామూలుగా ఏడెనిమిది ఆంప్స్ లాగే ఐదు హెచ్‌పీ మోటారు, ఆ రెండు తీగల్లో ఒకటిన్నర రెట్లకు పైగా లాగడం మొదలుపెడుతుంది. స్టార్టర్‌లో, కరెంటు ఎక్కువ లాగితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే సరిగ్గా సెట్ చేసి లేకపోయినా, ఒక ఫేజు పోగానే ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్‌ను ఎవరో బైపాస్ చేసి పోయినా, వైండింగ్ మాడిపోతుంది. వ్యాసంలో ఒక స్టేటర్ ఫొటో పెట్టాను, అంటే మోటారులో తిరగకుండా ఉండే, చుట్లున్న భాగం. రెండు ఫేజుల చుట్లు నల్లగా మాడి ఉన్నాయి, మూడో ఫేజు చుట్లు మాత్రం ఎర్రగా, చెక్కు చెదరకుండా మెరుస్తున్నాయి. స్టార్ కనెక్షన్ మోటారు, అంటే మూడు ఫేజుల చుట్ల కొసలను ఒకచోట కలిపినది, ఒక ఫేజు పోయి కాలితే లోపల ఇట్లాగే ఉంటుంది. విప్పగానే కారణం చెప్పేయొచ్చు.

లింకు కాపీ చేసి, పరిచయమున్న రైతులకు వాట్సాప్‌లో పంపాను. వ్యాసం పేరు తెలుగులో ఉంది కాబట్టి వెబ్ అడ్రసు కూడా తెలుగు అక్షరాలతోనే తయారైంది. బ్రౌజర్‌లో చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే మాత్రం శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలగలిసి స్క్రీన్ సగం నిండిపోయింది. ఒక్కో తెలుగు అక్షరానికి కంప్యూటరు లోపల మూడు బైట్లు. అడ్రసులో ఒక్కో బైటును శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులుగా రాస్తారు. అంటే అక్షరానికి తొమ్మిది, గుణింతం గుర్తుకు మళ్లీ తొమ్మిది. ‘మోటారు’ అన్న ఒక్క మాటకే 54 గుర్తులు.

యాదమరి వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. “ఏమబ్బా, నీ ఫోన్ను ఎవరన్నా పట్టేసినారా? ఏందేందో పిచ్చి అక్షరాలు వచ్చినాయి నీ నంబర్నుంచి. నొక్కితే డబ్బు పోతాదేమో అని తీసేసినా.”

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, నొక్కితే ఖాతా ఖాళీ అవుతుందని పోలీసులే చెప్తున్నారు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయమని అంటున్నారు. ఏం వచ్చినా నొక్కకపోవడం మా రైతులు ఈమధ్యే నేర్చుకున్న మంచి అలవాటు. నా నాలుగు వ్యాసాల కోసం దాన్ని మాన్పించాలనుకోవడం నాకు సబబు అనిపించలేదు. లింకు నొక్కనివాడికి కూడా పనికొచ్చేలా పంపాలి, నొక్కాలనుకున్నవాడికి భయం లేకుండా చేయాలి. తర్వాత నేను చేసినవన్నీ ఈ ఒక్క ఆలోచన మీదే నడిచాయి.

ముందు అడ్రసులు మార్చాను. ప్రతి వ్యాసానికీ ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు చిన్న మాటలు, ముందర మా షాపు పేరు. పాత అడ్రసు నొక్కినా కొత్తదానికే వెళ్లేలా రీడైరెక్ట్ పెట్టాను. లింకు కింద కనిపించే బొమ్మ, అదే ప్రివ్యూ, ఇంకో తలనొప్పి. బొమ్మ రాకుండా ఉత్త లింకే వస్తే ఎవరికైనా అనుమానమే. వ్యాసం కోడ్‌లో ఓజీ ఇమేజ్ అని ఒక ట్యాగ్ ఉంటుంది, ఏ ఫొటో చూపించాలో ఫేస్‌బుక్, వాట్సాప్ దాని నుంచే తీసుకుంటాయి. నేను కెమెరాలో తీసిన ఫొటోను తీసినట్టే పెట్టడంతో సైజు ఎక్కువై వాట్సాప్‌లో రాలేదు. 1200 బై 630 పిక్సెళ్లకు కత్తిరించి, 300 కేబీ లోపుకు కుదిస్తే వచ్చింది. ఫేస్‌బుక్ మాత్రం పాత బొమ్మనే పట్టుకుని కూర్చుంది. దానికి షేరింగ్ డీబగ్గర్ అని ఫేస్‌బుక్ వాళ్లదే ఒక పేజీ ఉంది. అందులో లింకు వేసి ‘స్క్రేప్ అగైన్’ నొక్కితే కొత్త బొమ్మ తెచ్చుకుంటుంది.

బొమ్మగా పెట్టింది ఆ కాలిన స్టేటర్‌నే. అంతకుముందు నెట్‌లో దొరికిన పచ్చటి పొలం ఫొటో ఒకటి ఉండేది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. స్టేటర్ ఫొటో కింద “ఇందులో ఒక ఫేజు చుట్లు ఎందుకు మాడలేదు?” అని ఒక్క వాక్యం రాసి స్టేటస్‌లో పెడితే, సాయంత్రానికల్లా జవాబులు వచ్చాయి. తవణంపల్లెలో ఎలక్ట్రీషియన్ పని చేసే ఒకతను తన దగ్గరున్న మాడిన మోటారు ఫొటో తీసి పంపాడు. “అన్నా, ఇదీ అట్లనే ఉండాది చూడు” అన్నాడు. నాకు ఆ రోజు అర్థమైంది, వీళ్లు చదవడానికి బద్ధకిస్తున్నారనుకోవడం ఒట్టి మాట అని.

గొంతు సంగతి చెప్పాలి. చదవడం కన్నా వినడానికే మా వాళ్లు ఇష్టపడతారు. నాయన చేత వ్యాసంలోని సారాన్ని రికార్డు చేయిద్దామంటే కాగితం చూసి చదవనన్నాడు. “నేను చదివితే రేడియోలో వార్తల మాదిరి ఉంటాది, ఎవురు ఇంటారు?” అని తీసిపారేశాడు. దాంతో కౌంటరు దగ్గర ఆయన నిజంగా ఒక రైతుకు చెప్తున్నప్పుడే, ఇద్దరినీ అడిగి, ఫోన్ పక్కన పెట్టి రికార్డు చేశాను. “ఇదిగో చూడు సామీ, ఈ రెండూ మాడినాయి, ఇది మాడలేదు. అంటే ఏంది? ఒక ఫేజు రాలేదు, నీ మోటారు రెండింటి మీదే ఆడింది. స్టార్టర్లో ఆ ప్రివెంటర్ను ఎవురు పీకినారు?” అవతలి మనిషి కాసేపు నసిగి, “మా బామ్మర్ది” అన్నాడు. వెనక సుత్తి చప్పుడు, ఆటో హారన్ అన్నీ వినిపిస్తాయి. ఒక నిమిషం లోపే. నేను రాసిన ఏ వ్యాసమూ ఈ నిమిషం ఆడియో పోయినంత దూరం పోలేదు.

అయితే వాయిస్ మెసేజీకి కింద రాత ఉండదు. ఫార్వర్డ్ అయినకొద్దీ ఎవరిదో కూడా తెలియదు. అందుకని చివర్లో నా గొంతుతో షాపు పేరు, సంతపేట అని, ఫోన్ నంబరు, “పూర్తి వివరం కావాలంటే ఈ నంబరుకు మోటారు అని మెసేజ్ పెట్టండి” అని చేర్చాను. మెసేజ్ పెట్టినవాళ్లకే లింకు పంపుతాను. అడిగి తీసుకున్న లింకును ఎవరూ అనుమానించరు. పైగా వాళ్లు మెసేజ్ పెట్టేముందు నా నంబరు ఫోన్‌లో ఫీడ్ చేసుకుంటారు, అది ఇంకో రకంగా పనికొచ్చింది.

ఒకే మెసేజీని చాలామందికి విడివిడిగా పంపడానికి వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఉంటుంది, ఒక్కోదానికి 256 మంది వరకే. అందులోనూ మన నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. మనం వాళ్లను సేవ్ చేసుకుంటే చాలదు. చాలామంది ఈ సంగతి తెలియక వందల నంబర్లు ఎక్కించుకుని, ఎవరూ చూడడం లేదని బాధపడుతుంటారు. నేను బిల్లు ఇచ్చేటప్పుడే “అన్నా, నంబరు ఫీడ్ చేసుకో, మోటారు రెడీ అయితే ఇందులోనే మెసేజ్ వస్తాది” అంటాను. రెడీ అయిన మెసేజ్ అందరికీ కావాలి కాబట్టి ఎవరూ కాదనరు. ఒకేసారి వేలమందికి పంపిస్తామని సాఫ్ట్‌వేర్లు అమ్మేవాళ్లు వస్తుంటారు. వాటి జోలికి పోలేదు. అట్లాంటివి వాడితే వాట్సాప్ నంబరునే ఆపేస్తుంది, మా నంబరు మీద షాపు బతుకు ఉంది.

ఫార్వర్డ్‌లకూ హద్దుంది. ఒక మెసేజీని ఒకసారికి ఐదు చాట్లకే పంపగలం. ఐదు చేతులు దాటి వచ్చిన మెసేజీకి రెండు బాణాల గుర్తు పడుతుంది, 2020 ఏప్రిల్ నుంచి దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపడానికి వీలు. కాబట్టి వైరల్ కావాలన్న ఆశ పెట్టుకోలేదు. ఒక్కో ఊళ్లో ఒక్క మనిషిని పట్టుకున్నాను. సర్పంచో, పెద్ద రైతో అక్కర్లేదు. పాల కేంద్రం నడిపే మనిషి చాలు. పాలు పోసే ప్రతి ఇంటి నంబరూ ఆయన గ్రూపులో ఉంటుంది, వెన్న శాతం, బిల్లు రోజు అందులోనే వస్తాయి కాబట్టి అందరూ తెరిచి చూస్తారు. ఇరాల, బంగారుపాళ్యం వైపు కొన్ని ఊళ్లలో ఇట్లాంటివాళ్లు దొరికారు. వాళ్లకు నేను ఇచ్చిందేమీ లేదు, కేంద్రంలో మోటారుకు ఏదన్నా వస్తే ముందు చూస్తానన్న మాట తప్ప. నెలకు ఒకటి మించి పంపను, షాపు ఆఫర్లు అసలు పంపను. పండగ శుభాకాంక్షల బొమ్మలు కూడా.

ఎప్పుడు పంపాలన్నది కూడా ముఖ్యమే. మధ్యాహ్నం కరెంటు ఉన్నప్పుడు రైతు పొలంలో ఉంటాడు, ఫోన్ చూడడు. సాయంత్రం పాలు పోసి ఇంటికి చేరాక ఏడు, ఎనిమిది మధ్య పంపితే వింటారు. మామిడి కాయ దిగే రోజుల్లో మోటార్ల గురించి ఏం పంపినా దండగ, అందరి మనసూ తోతాపురి రేటు మీదే ఉంటుంది. ఎండలు ముదిరి బోర్లు గాలి కొట్టడం మొదలయ్యాక పంపిన డ్రై రన్ వ్యాసాన్ని మాత్రం బాగా అడిగి తీసుకున్నారు. నీళ్లు లేకుండా బోరు మోటారు ఆడితే చల్లబరిచేది ఉండక వేడెక్కి పాడవుతుందన్నదే అందులో విషయం.

ఫేస్‌బుక్‌లో డబ్బు పెట్టి కూడా చూశాను. చిత్తూరు మీద గుర్తు పెట్టి చుట్టూ నలభై కిలోమీటర్లు అని ఎంచుకుంటే, ఆ గుండ్రంలో కాట్పాడి, వేలూరు, గుడియాత్తం కూడా పడతాయి. సరిహద్దు అంత దగ్గర. సగం డబ్బుకు తమిళంలో కామెంట్లు వచ్చాయి, “అన్నా, తమిళ్ల సొల్లుంగ” అని, అంటే తమిళంలో చెప్పండని. భాష తెలుగు అని ఫిల్టర్ పెడితే ఇంకో చిక్కు, మన వాళ్లలో చాలామంది ఫోన్ ఇంగ్లీషులోనే పెట్టుకుని ఉంటారు, వాళ్లు తప్పిపోతారు. చివరికి భాష వదిలేసి, తమిళనాడు వైపు ఊళ్లకు యాడ్ వెళ్లకుండా ఎక్స్‌క్లూడ్ చేశాను. పెట్టే డబ్బు మీద 18 శాతం జీఎస్టీ పోతుందన్నది కూడా లెక్కలో వేసుకోవాలి. లింకుకు క్లిక్కుల కోసం కాకుండా వాట్సాప్ మెసేజీల కోసం పెట్టే రకం యాడ్ మాకు సరిపోయింది.

ఇన్‌స్టాగ్రామ్ గురించి రెండు మాటలే. క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కడానికి రాదు, బయోలోనో, స్టోరీలో లింకు స్టిక్కర్‌గానో పెట్టాలి. యూట్యూబ్ షార్ట్స్ కింద పెట్టే లింకులు కూడా 2023 ఆగస్టు 31 నుంచి పనిచేయడం లేదు, మామూలు వీడియో డిస్క్రిప్షన్‌లో పనిచేస్తాయి. షార్ట్‌లో నంబరును తెరమీదే పెద్దగా రాయడం ఒక్కటే దారి. మాకు ఇన్‌స్టా నుంచి ఎక్కువగా వచ్చింది ఐటీఐ కుర్రాళ్లు. మోటారు తేరు గానీ పని నేర్పిస్తారా అని అడుగుతారు.

మధ్యలో ఒక ఏజెన్సీ మనిషి ప్యాకేజీ అంటూ వచ్చాడు. ఒక నెల ఇచ్చి చూశాను. లైకులు గబగబా పెరిగాయి. వేసినవాళ్ల ప్రొఫైళ్లు తెరిస్తే మన జిల్లా వాళ్లు వెతికినా కనబడలేదు. మోటారు లేనివాడి లైకు నాకెందుకని అంతటితో ఆపేశాను.

ఏది పనిచేస్తోందో తెలియాలంటే లెక్క ఉండాలి. గూగుల్ అనలిటిక్స్ పెట్టాను గానీ, వాట్సాప్ నుంచి వచ్చినవాళ్లందరినీ అది ‘డైరెక్ట్’ అని చూపిస్తుంది, ఎక్కడ్నుంచి వచ్చారో ఆ యాప్ చెప్పదు కాబట్టి. ఒక్కో చోటికి పంపే లింకు చివర యూటీఎం అని ఒక తోక తగిలిస్తే విడివిడిగా తెలుస్తుంది. కానీ ఆ తోకతో లింకు మళ్లీ పొడుగై భయపెడుతుంది కదా. అందుకని మా సైటులోనే ఒక్కో ఊరికి ఒక చిన్న అడ్రసు చేసి, అది తోక ఉన్న లింకుకు తీసుకెళ్లేలా పెట్టాను. బయటి షార్ట్ లింకులు వాడలేదు, లోపల ఏముందో తెలియని లింకు మోసగాళ్లదిలాగే కనిపిస్తుంది.

దానికన్నా కచ్చితమైన లెక్క కౌంటరు మీద ఉన్న నోటు పుస్తకం. మోటారు దించగానే “ఎవరు చెప్పినారన్నా?” అని అడిగి ఒక ముక్క రాస్తాను. “పాల గ్రూపు”, “పెద్దాయన మాట్లాడింది విన్నా”, “బస్సులో చూసినా”. ఈ మధ్య “కాలకముందే వచ్చినా” అని రాయాల్సి వస్తోంది. ప్రివెంటర్ సరిగ్గా ఉందో లేదో చూడమని స్టార్టర్ ఒక్కటే ఊడదీసి తెచ్చేవాళ్లు. దాని మీద మాకు మిగిలేది తక్కువే. నాయన దానికి డబ్బు కూడా సరిగ్గా తీసుకోడు, అది వేరే గొడవ.

తమిళం సంగతి వదల్లేదు. మా దగ్గర వైండింగ్ చేసే కుర్రాడిది గుడియాత్తం పక్క ఊరు. ఫేజు వ్యాసాన్ని వాడి మాటల్లో చెప్పించి రికార్డు చేశాం, వాళ్ల ఊరి రెండు గ్రూపుల్లో వేశాడు. మోటార్లు ఇంకా రాలేదు, ఫోన్లు మాత్రం మొదలయ్యాయి. ఎత్తగానే తెలుగులో మాట్లాడితే అవతలివాళ్లు పెట్టేస్తున్నారని, ఫోన్లు వచ్చే వేళకు వాడే ఎత్తేలా వాడి భోజనం టైమును కాస్త ముందుకు జరిపాం.