మొదటిసారి తీసిన నీరు పరీక్షకు వెళ్లలేదు

రొమ్ము క్యాన్సర్ తగ్గి తొమ్మిదేళ్లు కావస్తుండగా, ఆపరేషన్ జరిగిన ఎడమవైపే మళ్లీ వాపు వచ్చింది. నొప్పి లేదు, జ్వరం లేదు, చేతికి గడ్డేమీ తగల్లేదు. జాకెట్టు మాత్రం ఒకవైపే బిగుసుకుపోతోంది. 2021 వేసవి అది. కోవిడ్ టీకా వేయించుకున్నాక చంకలో బిళ్లలు కడుతున్నాయని చాలామంది అంటున్న రోజులు. మొదట చూసిన డాక్టరమ్మ కూడా టీకా వల్లేనేమో అంది. తర్వాత ఇన్ఫెక్షన్ అనుకుని మందులిచ్చారు. వాపు తగ్గలేదు. నాకూ మావారికీ మనసులో మెదులుతున్న మాట ఒకటే, తిరగబెట్టిందేమో అని. ఇద్దరం పైకి అనలేదు.

పాత జబ్బు తిరగబెట్టలేదు. వచ్చింది ఇంకో క్యాన్సర్. రొమ్ము ఇంప్లాంట్ చుట్టూ వచ్చే ఈ జబ్బు పేరు పొడుగ్గా ఉంటుంది కాబట్టి డాక్టర్లు బీఐఏ-ఏఎల్‌సీఎల్ అంటారు. రొమ్ము కణాల్లో పుట్టే జబ్బు కాదిది, మన రక్షణ వ్యవస్థలోని టీ కణాలకు వచ్చే లింఫోమా, అంటే తెల్లరక్తకణాల క్యాన్సర్. రొమ్ము ఆకారం కోసం ఒంట్లో పెట్టే సంచిని ఇంప్లాంట్ అంటారు, నాకూ ఒకటి పెట్టారు. అది పెట్టగానే శరీరం దాని చుట్టూ ఒక మచ్చపొర అల్లుకుంటుంది. ఈ జబ్బు ఆ పొరలోనో, పొరకూ ఇంప్లాంట్‌కూ మధ్య చేరే నీటిలోనో మొదలవుతుంది. ఇంప్లాంట్ పెట్టిన ఎనిమిది, పదేళ్లకు బయటపడటం మామూలు. నాకు సరిగ్గా ఆ వేళకే వచ్చింది.

ఇంప్లాంట్ అనగానే మనవాళ్లకు సినిమావాళ్ల సోకులు గుర్తొస్తాయి. అలా అనుకునేవాళ్లకు నా సంగతి చెప్పాలి. మేముండేది డాలస్ దగ్గర. 2012లో నాకు ఎడమ రొమ్ము తీసేశారు. అమెరికాలో 1998లో వచ్చిన చట్టం ప్రకారం, రొమ్ము తీసే ఆపరేషన్‌కు డబ్బు కట్టే ఇన్సూరెన్స్ మళ్లీ ఆకారం నిలబెట్టే ఆపరేషన్‌కూ కట్టాలి. పిల్లలు చిన్నవాళ్లు, ఉద్యోగానికి తిరిగి వెళ్లాలి, స్నానం చేసేటప్పుడు అద్దం వైపు చూడలేని రోజులు. పెట్టించుకుంటాను అన్నాను. ముందు ఎక్స్‌పాండర్ పెట్టి చర్మాన్ని సాగదీశారు, తర్వాత దాని స్థానంలో సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు. కన్నీటిబొట్టు ఆకారంలో ఉంటుంది, పైపొర గరుకు. గుండ్రటిది లోపల తిరిగినా ఏం కాదు, బొట్టు ఆకారంది తిరిగితే రొమ్ము వంకర అవుతుంది. అందుకని చుట్టూ కండకు పట్టుకునేలా గరుకుగా చేస్తారు. ఆ గరుకుతనమే తర్వాత అనుమానానికి కారణమైంది. నున్నటి ఇంప్లాంట్లు మాత్రమే వాడిన ఆడవాళ్లలో ఈ లింఫోమా కనిపించడం చాలా అరుదు. గరుకు పొర వల్ల ఏళ్ల తరబడి ఉండే వాపు, పొరమీద గూడుకట్టే సూక్ష్మజీవులు, కొందరి జన్యువులు, అన్నీ కలిసి దీనికి దారితీస్తాయని పరిశోధకుల అనుమానం.

నాకు ఇప్పటికీ మింగుడు పడనిది మొదటి క్లినిక్‌లో జరిగింది. అల్ట్రాసౌండ్‌లో ఇంప్లాంట్ చుట్టూ నీరు కనిపించింది. సూదితో లాగేశారు. వాపు దిగింది, హాయిగా అనిపించింది. ఆ నీటిని ల్యాబ్‌కు పంపారా అని అడిగితే, మామూలు నీరే, పంపలేదు అన్నారు. కొన్ని వారాలకే మళ్లీ నిండింది. ఈసారి హ్యూస్టన్ వెళ్లాం. అక్కడి సర్జన్ మొదటి రిపోర్టు చదివి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "ఇంప్లాంట్ పెట్టి ఏడాది దాటాక చేరిన నీటిని పారబోయకూడదమ్మా. సీడీ30 పరీక్షకు పంపి తీరాలి." సీడీ30 అనేది ఈ కణాల ఒంటిమీద ఉండే గుర్తు. మామూలు మైక్రోస్కోపు పరీక్షలో తప్పించుకునే కణాలు ఆ గుర్తును పట్టే రంగు వేస్తే బయటపడతాయి. నా నీటిలో బయటపడ్డాయి.

విజయవాడలో ఉన్న అక్కకు ఫోన్ చేశాను. "అమ్మకి చెప్పకే, తట్టుకోలేదు. ముందు ఆపరేషన్ కానీ, తర్వాత నేను చెప్తాలే," అంది. మళ్లీ కీమో అంటే నావల్ల కాదక్కా అన్నాను. పదేళ్ల కింద నాకు కీమో జరుగుతున్నప్పుడు వంటింట్లో నిలబడి పోపు వాసనకే కుప్పకూలిన మనిషిని నేను.

కీమో అవసరం పడలేదు. పెట్ స్కాన్‌లో జబ్బు మచ్చపొర దాటలేదని తేలింది. ఇలాంటి దశలో వైద్యమంతా ఆపరేషన్‌లోనే ఉంది. ఇంప్లాంట్‌నూ దాని చుట్టూ ఉన్న పొరనూ ఎక్కడా మిగల్చకుండా తీసేయాలి. పొర కొంచెం మిగిలినా జబ్బు తిరిగొచ్చే అవకాశం పెరుగుతుందని 2016లో హ్యూస్టన్ డాక్టర్లు, మరికొందరు కలిసి 87 మంది రోగుల వివరాలతో చూపించారు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ప్రత్యేకమైన లింఫోమాగా గుర్తించింది. జబ్బు బయటికి పాకినవాళ్లకు బ్రెంటక్సిమాబ్ లాంటి మందులు, కీమో వాడతారు. ఆలస్యమైతే ప్రాణం పోతుంది, పోయినవాళ్లున్నారు. నన్ను కాపాడింది జబ్బు త్వరగా దొరకడమే.

మెలకువ వచ్చేసరికి పక్కన డ్రెయిన్ గొట్టం, దాని చివర చిన్న బుడ్డి. అందులో చేరే ద్రవాన్ని మావారు రోజూ కొలిచి కాగితం మీద రాసేవారు. ఎడమ చెయ్యి భుజం దాకా లేపడానికి చాలాకాలం పట్టింది. జడ వేసుకోలేకపోయేదాన్ని, పాప వేసేది. పాథాలజీ రిపోర్టులో అంచులు శుభ్రంగా ఉన్నాయని, అంటే తీసిన కండ అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని, రాసిన పేజీని మేం ఎన్నిసార్లు చదువుకున్నామో. మళ్లీ ఇంప్లాంట్ వద్దన్నాను. నాకు అటువైపు చదునే. బయటికి వెళ్లేటప్పుడు బ్రాలో ఒక మెత్త పెట్టుకుంటాను, ఇంట్లో అదీ ఉండదు.

కోలుకుంటున్న నెలల్లో ఈ వస్తువు చరిత్ర చదవడం మొదలుపెట్టాను. మొట్టమొదటి సిలికాన్ ఇంప్లాంట్ పెట్టింది 1962లో, ఇదే హ్యూస్టన్‌లో. వైద్య పరికరాలను పరీక్షించే అధికారం ఎఫ్‌డీఏకు, అంటే మందులకు అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థకు, 1976లో గానీ రాలేదు, అప్పటికే మార్కెట్లో ఉన్నందున ఇవి రుజువులు చూపకుండానే కొనసాగాయి. 1992లో ఎఫ్‌డీఏ సిలికాన్ రకాన్ని ఆపింది. క్యాన్సర్ తర్వాత ఆకారం కోసం పెట్టించుకునేవాళ్లకు మాత్రం అధ్యయనాల్లో చేరే షరతుతో ఇచ్చారు. 2006లో రెండు కంపెనీలకు మళ్లీ అనుమతి వచ్చింది. ఒక్కో కంపెనీ దాదాపు 40 వేల మంది ఆడవాళ్లను పదేళ్లపాటు గమనించాలన్నది షరతు. చాలామంది మధ్యలోనే లెక్కలోంచి జారిపోయారు. ఫ్రాన్స్‌లో పీఐపీ కంపెనీ అయితే వైద్యానికి పనికిరాని పారిశ్రామిక సిలికాన్ నింపి దేశదేశాలకు అమ్మింది, 2010లో బయటపడింది, యజమానికి జైలుశిక్ష పడింది.

ఈ లింఫోమాకూ ఇంప్లాంట్లకూ సంబంధం ఉండవచ్చని ఎఫ్‌డీఏ చెప్పింది 2011 జనవరిలో. అంటే నాకు పెట్టడానికి ముందే. 2019 జూలైలో అలర్గాన్ కంపెనీ అమ్మే బయోసెల్ అనే గరుకు పొర రకాన్ని ఎఫ్‌డీఏ వెనక్కి తీయించింది. అప్పటికి ప్రపంచవ్యాప్తంగా 573 కేసులు, 33 మరణాలు లెక్కకొచ్చాయి. వాటిలో 481 ఆ కంపెనీ ఇంప్లాంట్లకు సంబంధించినవే. నాది ఆ కంపెనీది కాదు. అందువల్ల నా ఇంటికి ఏ ఉత్తరమూ రాలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు. గరుకు పొర ఉన్న ప్రతి స్త్రీకీ ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు: ఏళ్ల తర్వాత వాపు వస్తే ఆ నీటిని పరీక్ష చేయించండి అని. ఒక వస్తువును మనిషి ఒంట్లో పెట్టాక, ఆ మనిషి ఎక్కడుందో వెతికి చెప్పే బాధ్యత పెట్టినవాళ్లకూ అనుమతిచ్చినవాళ్లకూ ఉండాలి. నేను గట్టిగా అడిగేది ఇదే.

నా గాయం మానుతున్న రోజుల్లోనే, 2021 అక్టోబరులో, ఎఫ్‌డీఏ నిబంధనలు బిగించింది. ఇంప్లాంట్‌తో ఇచ్చే సమాచారంలో నల్లగీతల చట్రంలో హెచ్చరిక ఉండాలి. ఆపరేషన్‌కు ముందు ప్రమాదాల జాబితా ఒకటి రోగికి ఇచ్చి, వివరించి, అర్థమైందని సంతకం తీసుకోవాలి. అలా చేయని డాక్టర్లకు కంపెనీలు సరుకు అమ్మకూడదు. జీవితాంతం పనిచేసే వస్తువులు ఇవి కావని అందులో స్పష్టంగా ఉంటుంది. సిలికాన్ రకమైతే చిరుగు ఉందేమో తెలుసుకోవడానికి ఐదారేళ్ల తర్వాత మొదటిసారి, ఆపైన రెండుమూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ లేదా ఎమ్మారై చేయించుకోవాలి. నా సంగతి వివరాలన్నీ మందులు, పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే ఎఫ్‌డీఏ మెడ్‌వాచ్‌కు నేనే రాసి పంపాను. ఇంప్లాంట్ సీరియల్ నంబరు, పొర రకం, మొదటిసారి నీరు పరీక్షించని సంగతి, అన్నీ.

ఇండియాలో 2015 నుంచి ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఆధ్వర్యంలో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. పరికరాల వల్ల జరిగిన చెరుపును అక్కడ నమోదు చేయించవచ్చు. ఈ సంగతి నేను తెలుసుకున్నది అక్క స్నేహితురాలి కోసం. ఆమెకూ క్యాన్సర్ తర్వాత హైదరాబాద్‌లో ఇంప్లాంట్ పెట్టారు. నా కథ విని హడలిపోయి, "తీయించేసుకోమంటావా అమ్మా?" అని ఫోన్ చేసింది. "లేదు వదినా, ఇబ్బందేమీ లేనివాళ్లు తీయించుకోనక్కర్లేదని డాక్టర్లే అంటున్నారు. మీ ఫైల్లో ఇంప్లాంట్ డబ్బా స్టిక్కర్ ఉంటుంది, ముందు అది చూడండి," అన్నాను. ఆవిడ ఫైల్లో స్టిక్కర్ లేదు. ఆస్పత్రికి వెళ్లి అడిగితే పాత రిజిస్టర్లు తిరగేసి ఇంప్లాంట్ రకం, నంబరు ఇచ్చారు. ఆవిడది కూడా గరుకు రకమే. ఇప్పటికి వాపు లేదు. ఆ నంబరును ఇంట్లో కూతురి ఫోన్‌లోనూ రాయించి పెట్టింది.