పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చే ఫోన్

కిడ్నీ జబ్బు అనగానే మా వైపు ఎవరైనా ముందు అడిగేది తాగే నీళ్ల గురించే. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సోంపేటకు దగ్గర్లో కొబ్బరితోటల మధ్య ఊరు. మా మామగారు కిడ్నీలు పాడయ్యే పోయారు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుని, సాయంత్రానికి గోడ పట్టుకుని ఇంట్లోకి వచ్చేవారు. అందుకే 2021 జూన్‌లో మా తొమ్మిదేళ్ల బాబుకి క్రియాటినిన్ (కిడ్నీలు పాడైతే రక్తంలో పేరుకునే చెత్త) 7 దాటిందని తెలిసినప్పుడు ఊరంతా ఒకటే మాట, తాతది మనవడికొచ్చింది అని.

కాదు. ఈ సంగతి మా వైపు తల్లులకు తెలియాలనే ముందు రాస్తున్నాను. ఉద్దానంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బు పొలం పనులు చేసుకునే పెద్దవాళ్లకి వచ్చేది. మా వాడిది పుట్టుకతో వచ్చింది. మగపిల్లల్లో కొందరికి మూత్రం వచ్చే దారిలో పల్చటి పొర ఒకటి అడ్డుగా ఉండిపోతుంది, మూత్రం బయటికి పోలేక వెనక్కి తన్ని, కడుపులో ఉండగానే కిడ్నీలను దెబ్బతీస్తుంది. మా వాడికి పుట్టాక ఏడో నెలలో జ్వరం మీద జ్వరం వస్తే అప్పుడు తెలిసింది. కెమెరా పెట్టి ఆ పొర తీసేశారు కానీ అప్పటికే జరిగిన నష్టం వెనక్కి రాదనీ, కిడ్నీలు పనిచేసినంత కాలం పనిచేస్తాయనీ ఆరోజే చెప్పారు. నేను తొమ్మిదేళ్లు వాడికి క్యాన్ నీళ్లు తప్ప ఇంకోటి పట్టలేదు. అయినా ఊళ్లోవాళ్ల మాటలకి, నా వల్లే ఏదో తప్పు జరిగిందని రాత్రులు ఏడ్చాను.

రక్తం డయాలసిస్ అయితే విశాఖపట్నం వెళ్లాలి, వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. మా దగ్గర సెంటర్లు ఉన్నా అంత చిన్నపిల్లల్ని తీసుకోం అన్నారు. రెండు వందల కిలోమీటర్లు పైనే దూరం, బడి మాట అటుంచి పిల్లాడు రైల్లోనే పెరగాలి. అప్పుడు డాక్టరుగారు పొట్ట డయాలసిస్ గురించి చెప్పారు. పొట్టలోకి మెత్తటి ట్యూబ్ ఒకటి వేస్తారు, దాన్లోంచి గ్లూకోజ్ కలిసిన నీళ్లు లోపలికి వెళ్లి కాసేపు ఉంటాయి, పేగుల మీద ఉండే పొర గుండా రక్తంలోని చెత్త, ఎక్కువైన నీరు అందులోకి దిగుతాయి, తర్వాత ఆ నీళ్లు బయటికి తీసేస్తారు. రాత్రి పడుకున్నప్పుడు మెషీనే ఈ పనంతా చేస్తుంది. మా వాడు అప్పుడు 19 కిలోలు, ఒక్కోసారికి 800 మిల్లీలీటర్లు, రాత్రికి ఆరుసార్లు, మొత్తం తొమ్మిది గంటలు.

ఆగస్టులో ఆసుపత్రిలో పది రోజులు ఉంచి నాకూ మా ఆయనకీ నేర్పించారు. చేతులు కడుక్కోవడమే రెండు రోజులు నేర్చుకున్నాం. ట్యూబ్‌లోకి క్రిములు పోకుండా మాస్కు కట్టుకోవాలి, తలుపులు మూయాలి, ఫ్యాను కట్టేయాలి, ట్యూబ్ కలిపేటప్పుడు మాట్లాడకూడదు. ఇంట్లో వెనక గది ఖాళీ చేసి సున్నం వేయించాం. నెలకోసారి బ్యాగుల అట్టపెట్టెలు వచ్చేవి, మంచం కింద, బీరువా పక్కన, గోడ పొడవునా పేర్చేవాళ్లం. నెలకు పాతిక ముప్పై వేలు వాటికే. జీడితోటలో కొంత అమ్మేశాం.

మెషీన్‌కి చిన్న మోడెమ్ ఒకటి ఉంటుంది, దాన్లో సిమ్. దాని ద్వారా వివరాలన్నీ విశాఖలో డాక్టర్లకి వెళ్తాయని చెప్పారు. నేనేం అర్థం చేసుకున్నానంటే, ఎవరో రాత్రంతా కూర్చుని మా వాణ్ణి చూస్తూ ఉంటారని. ఇంటికొచ్చిన మొదటి రాత్రి రెండు గంటలకి అలారం మోగింది, నేను మెషీన్ దగ్గర నిలబడి ఫోన్ వైపు చూస్తున్నాను, ఇప్పుడు చేస్తారు, ఇప్పుడు చేస్తారు అని. ఎవరూ చెయ్యలేదు. చివరికి మా ఆయన లేచి చూస్తే బాబు ట్యూబ్ మీద పడుకున్నాడు. పక్కకి తిప్పాం, ఆగిన మెషీన్ మళ్లీ నడిచింది.

పొద్దున ఎనిమిదిన్నరకి విశాఖ ఆసుపత్రి నుంచి సిస్టర్ ఫోన్ చేసింది. "రాత్రి రెండూ పదికి మెషీన్ ఆగిందమ్మా, ట్యూబ్ మడత పడిందా?" అంది. మీరు చూస్తూ కూడా ఎందుకు చెయ్యలేదని కోపంగా అడిగేశాను. ఆవిడ నిదానంగా చెప్పింది, డయాలసిస్ మొత్తం అయ్యాకే వివరాలు తమకు వస్తాయని, పొద్దున డ్యూటీకి రాగానే పిల్లలందరివీ ఒక్కొక్కటీ చూస్తామని, రాత్రి అలారం మాత్రం మీదేనమ్మా అని. మరీ అర్జంటు అయితే చేయడానికి వేరే నంబరు ఉంది. దూరం నుంచి చూస్తారు అని చెప్పేటప్పుడు, ఎప్పుడు చూస్తారో కూడా అదే నోటితో చెప్పాలి. ఇంటికి పంపించే ముందు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రాత్రి నేను అంత భయపడేదాన్ని కాదు.

కానీ ఆ పొద్దుటి ఫోన్ విలువ తర్వాత తర్వాత తెలిసింది. సెప్టెంబరు మొదట్లో అనుకుంటా, సిస్టర్ ఫోన్ చేసి "బాబుకి మోషన్ సరిగ్గా అవుతోందా?" అని అడిగింది. మూడు రోజులుగా కావట్లేదు, అదేమంత పెద్ద విషయం కాదని నేను ఎవరికీ చెప్పలేదు. మూడు రాత్రుల నుంచి నీళ్లు బయటికి రావడానికి పట్టే టైమ్ కొద్దికొద్దిగా పెరుగుతోందట, అలారం మోగేంత కాదు, అందుకే మాకు తెలియలేదు. మలబద్ధకం ఉంటే నిండిన పేగు ట్యూబ్‌ని నొక్కుతుంది, ఒక్కోసారి పక్కకి నెట్టేస్తుంది కూడా. సిరప్ రాసి వాట్సాప్‌లో పంపారు, సోంపేటలో కొన్నాం, రెండు రోజుల్లో సర్దుకుంది. అదే ఆ ఫోన్ లేకపోతే ఇంకో నాలుగు రోజులకి నీళ్లు పూర్తిగా ఆగిపోయి, రైలెక్కి, ఎక్స్‌రే తీయించుకుని, బహుశా ట్యూబ్ మళ్లీ వేయించుకునేవాళ్లం.

ఆ నెల 26న గులాబ్ తుఫాను వచ్చింది, కళింగపట్నం దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ మా కొబ్బరిచెట్లని పడగొట్టి రోజుల తరబడి కరెంటు లేకుండా చేసిన సంగతి మాకెవరికీ మర్చిపోయేది కాదు. కరెంటు పోయింది, ఇన్వర్టర్ తెల్లారేదాకా కూడా ఆగలేదు. చేత్తో మార్చుకునే బ్యాగులు ఇలాంటి అవసరానికే ఇచ్చారు. ఇంట్లో మేకుకి బ్యాగు తగిలించి, టార్చి వెలుగులో చేతులు కడుక్కుని, రోజుకి నాలుగుసార్లు మార్చాం. ఎంత లోపలికి వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది, బాబు లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నం కాస్త సిగ్నల్ రాగానే మా ఆయన ఫోన్‌లో పదకొండు మిస్డ్ కాల్స్, అన్నీ సిస్టర్‌వే. "మీ నుంచి ఏమీ రాలేదమ్మా, అందుకే చేస్తున్నా" అంది. ఏమీ రాకపోవడాన్ని కూడా ఒకరు చూస్తున్నారు. నేను అంకెలన్నీ చదివి వినిపించాను, ఆవిడ రాసుకుంది. అంతవరకూ లేని ఏడుపు ఫోన్ పెట్టేశాక వచ్చింది.

తిండి దగ్గర చాలా కష్టపడ్డాం. ఉద్దానంలో పుట్టిన పిల్లాడు, కొబ్బరినీళ్లు వద్దు, పనసతొన వద్దు, అరటిపండు వద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. జీడిపప్పు వద్దు, దాన్లో ఫాస్ఫరస్ ఎక్కువ. మా అత్త అయితే కొంగు నోట్లో కుక్కుకుని "ఏటే, గుంటడికి గుక్కెడు నీళ్లయినా ఇవ్వవేటి?" అనేది. నీళ్లు కూడా కొలతే. రోజూ పొద్దున బరువు, బీపీ చూసి మెషీన్‌లో ఎక్కించేదాన్ని. ఒకసారి వరసగా మూడు రోజులు బరువు పెరిగింది, బీపీ కూడా. వాడు బడిలో కుళాయి దగ్గర దొంగతనంగా తాగుతున్నాడు. సిస్టర్ వాణ్ణే ఫోన్‌లోకి పిలిచి తిట్టకుండా మాట్లాడింది. గ్లూకోజ్ ఎక్కువున్న బ్యాగు కొన్ని రోజులు వాడమన్నారు, అది నీరు ఎక్కువ లాగుతుంది. ఆ సాయంత్రం మెషీన్ ఆన్ చెయ్యగానే కొత్త ప్రోగ్రాం వచ్చింది, ఒప్పుకుంటారా అని స్క్రీన్ మీద కనిపించింది. అక్కడ డాక్టరుగారు మార్చింది ఇక్కడ మా మెషీన్‌లోకి వచ్చేసింది, నేను నొక్కాల్సింది ఒక్క బటన్.

అయినా ఆ మెషీన్ చూడలేనిది ఒకటుంది. బయటికి వచ్చిన నీళ్లు తేటగా ఉన్నాయా లేదా అన్నది. దానికి మాకు నేర్పిన పద్ధతి, బ్యాగు కింద పేపర్ పెట్టి అక్షరాలు చదవడం. చదవగలిగితే మంచిది. 2022 మే నెల ఒక పొద్దున పేపర్ పెట్టాను, హెడ్డింగు కనిపిస్తోంది, కింద చిన్న అక్షరాలు కనపడట్లేదు, గంజిలో ముంచినట్టున్నాయి. ఇంకో చోట పెట్టి చూశాను, కిటికీ వెలుగులో చూశాను, అంతే. మెషీన్ మాత్రం అంతా బాగుందనే చూపిస్తోంది, ఎంత వెళ్లాలో అంతా వెళ్లింది, ఎంత రావాలో అంతా వచ్చింది. వాడు కడుపు నొప్పి అన్నాడు, ఒళ్లు కాలుతోంది. ఫోటో పంపిన ఐదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది, ఆ బ్యాగు పారేయకుండా తీసుకుని వెంటనే బయల్దేరమన్నారు.

దారిలో జ్వరం ఎక్కువైతే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపాం. అక్కడి డ్యూటీ డాక్టర్ ఈ ట్యూబ్ ఎప్పుడూ చూడలేదు, ముందు దీన్ని తీసేయాలి అన్నాడు. నేను అడ్డం నిలబడి సిస్టర్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఆవిడ చెప్పినట్టు జ్వరానికి మందు వేసి పంపించారు. విశాఖలో ఆ నీళ్లు పరీక్ష చేసి ఇన్‌ఫెక్షన్ అన్నారు, యాంటీబయాటిక్ బ్యాగులోనే కలిపి పొట్టలోకి ఇచ్చారు, మొత్తం రెండు వారాలు. మూడో రోజుకే నీళ్లు తేటపడ్డాయి. నేను ట్యూబ్ కలుపుతున్నప్పుడు ఉక్కపోతకి వాడు చెమటలు కక్కుతుంటే మా అత్త చూడలేక ఫ్యాను వేసింది, అదే కారణమై ఉండొచ్చన్నారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆ తర్వాత ట్యూబ్ కలిపే పది నిమిషాలూ ఆవిడే తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చునేది, ఎవరూ లోపలికి రాకుండా.

2023 మార్చిలో నా కిడ్నీ ఇచ్చాను. ఆపరేషన్ హైదరాబాద్‌లో. నన్ను మూడో రోజుకే నడిపించారు, పక్కకి తిరిగితే నొప్పి ఒక నెల ఉంది, ఇప్పుడు ఏమీ లేదు. వాడి మూత్రం సంచి గంటగంటకీ నిండుతుంటే మా ఆయన అది పట్టుకుని చూస్తూ ఉండిపోయారు. వారం తిరిగేసరికి వాడి క్రియాటినిన్ 0.8. ఇప్పుడు వాడికి దాహం వేసినంత తాగమనే చెప్తారు, ఇంకా తాగమని మేమే వెంటపడుతున్నాం. కొబ్బరినీళ్లు డాక్టరుగారు రిపోర్టులు చూసి ఒప్పుకున్న రోజున మా ఆయన తోటలోంచి ఒక్క బొండం తెచ్చి కొట్టారు, వాడు సగం తాగి మిగతాది మామ్మకి ఇచ్చాడు.

మెషీన్ తిరిగి ఇచ్చేశాం. మందులు మాత్రం పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ, ఒక్క పూట తప్పకూడదు, రక్తంలో మందు ఎంత ఉందో పరీక్ష చేయించి పంపుతూ ఉండాలి. మొన్న పంపడం రెండు రోజులు ఆలస్యమైంది. పొద్దున ఎనిమిదిన్నరకి ఫోన్ మోగింది. నేను వంటింట్లో ఉన్నాను, వాడే ఎత్తాడు. "సిస్టర్, నేనే. అమ్మ రిపోర్ట్ ఇవాళ పంపుతుంది. నా బీపీ రాసుకుంటారా, నూట పది బై డెబ్బై" అంటున్నాడు.