కిటికీ అద్దానికి పూచీ ఎవరు?

ఈ రోజు సెలవు పెట్టాను. కిటికీల మేస్త్రీ పదింటికి వస్తానని చెప్పి పన్నెండు దాటాక వచ్చాడు. ఈలోపు ఎంవీపీ కాలనీ రైతుబజారుకి వెళ్ళి కూరలు తెచ్చుకున్నాను, వంట ముగించాను, బట్టలు ఆరేశాను. ఎండ అప్పటికే మండిపోతోంది.

మా పడకగది కిటికీ సముద్రం వైపు ఉంటుంది. డబుల్ గ్లేజింగ్ (మధ్యలో ఖాళీ వదిలి బిగించిన రెండు అద్దాలు) కాబట్టి ఉప్పుగాలి, రోడ్డు మోత, ఏసీ బిల్లు అన్నీ తగ్గుతాయని ఫ్లాటు అమ్మేటప్పుడు చెప్పారు. కొంతవరకు తగ్గాయి కూడా. కానీ పోయిన వానాకాలం నుంచి రెండు అద్దాల మధ్య మంచు పట్టినట్టు తెల్లగా కమ్ముకుంటోంది. బయట తుడిచినా పోదు, లోపల తుడిచినా పోదు.

నాకు టెన్షన్ పెట్టింది మాత్రం అది కాదు. పై అంతస్తులో ఇలాంటి కిటికీకే బయటి అద్దం మొన్న మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి పగిలిపోయింది. గాలి లేదు, ఎవరూ రాయి విసరలేదు, ఆ సమయానికి ఇంట్లో మనుషులే లేరు. ముక్కలన్నీ పార్కింగ్ పక్కన నడిచే దారిలో పడ్డాయి. వాచ్‌మన్ పిల్లలు ఆ వేళకి బడిలో ఉన్నారు. ఆదివారమైతే అక్కడే సైకిల్ తొక్కుతూ ఉండేవాళ్ళు. అది తలుచుకుంటే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

మేస్త్రీ మా కిటికీ చూసి, "ఇది తుడిస్తే పోదమ్మా. లోపల సీలు పోయింది. యూనిట్ మొత్తం మార్చీయాల," అన్నాడు. రెండు అద్దాల మధ్య అంచు చుట్టూ సన్నటి అల్యూమినియం పట్టీ ఉంటుంది. దాని లోపల తేమను పీల్చుకునే గుళికలు, దాని అంచుల్లో గాలి చొరబడకుండా బ్యూటైల్ జిగురు, బయటి వైపు సిలికానో పాలీసల్ఫైడో ఇంకో పొర. ఆ జిగురు ఎక్కడైనా విడిపోతే తేమ లోపలికి దూరుతుంది. గుళికలు పీల్చినంత పీలుస్తాయి, అవి నిండాక మిగిలిన తేమ అద్దానికి పడుతుంది. మా విశాఖ గాలిలో తేమకు కరువా!

అంచు ఎందుకు పాడైందో అతనే వెతికి చూపించాడు. ఫ్రేము అడుగున వాన నీరు బయటికి పోవడానికి చిన్న కన్నాలుంటాయి. వాటిలో సన్న తీగ పెట్టి పొడిచాడు, అది లోపలికి దిగలేదు. "బిగించినోళ్ళు సిలికాన్ రాసేటప్పుడు వీటిని కూడా మూసేసారమ్మా," అన్నాడు. కన్నం మూసుకుంటే నీళ్ళు ఫ్రేములోనే నిలుస్తాయి, అద్దం అడుగు అంచు ఎప్పుడూ ఆ నీళ్ళలో నానుతూ ఉంటుంది. అలా ఉంటే ఎంత మంచి జిగురైనా ఎన్నాళ్ళు ఆగుతుంది? "సముద్రం పక్కన ఇంతేనండీ" అని బిల్డర్ ఆఫీసువాళ్ళు ఫోనులో చెప్పిన మాట ఒక్క తీగతో తేలిపోయింది. తప్పు సముద్రానిది కాదు. వెంటనే ఫోటోలు తీసుకున్నాను.

పై ఇంటి అద్దం సంగతి వేరు. అక్కడికి నాతో పాటు స్టీల్ ప్లాంటులో ఇంజినీరుగా చేసి రిటైరైన బాబాయ్ గారు కూడా వచ్చారు. చిన్న చిన్న ముక్కలుగా రాలింది కాబట్టి అది టఫెన్డ్ గ్లాసే, అంటే బాగా వేడిచేసి చప్పున చల్లార్చి గట్టిపరిచిన అద్దం. మామూలు అద్దం కంటే నాలుగైదు రెట్లు గట్టిదని చెబుతారు, నిజమే. కానీ దాని తయారీలో నికెల్ సల్ఫైడ్ రేణువు ఒకటి చిక్కుకుంటే, అది ఏళ్ళ తరబడి మెల్లగా ఉబ్బి ఏదో ఒక రోజు ఏ దెబ్బా లేకుండానే అద్దాన్ని పగలగొడుతుంది. బిగించేటప్పుడు అంచు చిట్లినా, ఫ్రేము లోహం అద్దానికి తగులుతున్నా కూడా ఇలాగే అవుతుంది. ఆ రేణువు ముప్పు తగ్గించడానికి హీట్ సోక్ అనే పరీక్ష ఉంది. అద్దాల్ని 260 డిగ్రీలకు పైబడిన వేడిలో కొన్ని గంటలు ఉంచుతారు, పగిలేవి ఫ్యాక్టరీలోనే పగిలిపోతాయి. ముప్పు పూర్తిగా పోదు గానీ బాగా తగ్గుతుంది. మా అద్దాలకు ఆ పరీక్ష చేశారా అని అడిగితే ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఏ కారణంతో పగిలిందో ముక్కల్ని చూసి చెప్పొచ్చట. పగులు మొదలైన చోట రెండు పెద్ద ముక్కలు సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటే రేణువు మీద అనుమానం వస్తుందని బాబాయ్ గారు అన్నారు. కానీ ఆ రోజే ఊడ్చి చెత్తబండికి ఇచ్చేశారు. వాచ్‌మన్‌ని ఏమీ అనలేం, పిల్లలు తిరిగే చోటని భయపడి శుభ్రం చేశాడు. ఇకమీదట ఏ అద్దం పగిలినా ముందు ఫోటో తీయాలి, ముక్కలు ఒక డబ్బాలో దాచాలి, తయారీదారు ముద్ర ఉన్న మూల ముక్క దొరుకుతుందేమో వెతకాలి. ఈ మూడు మాటలు రాసి లిఫ్టు పక్కన అంటించాను.

ముద్ర అంటే గుర్తొచ్చింది. టఫెన్డ్ అద్దాలకు, లామినేటెడ్ (మధ్యలో పొర పెట్టి అతికించిన) అద్దాలకు ఐఎస్ 2553 మొదటి భాగం అనే భారతీయ ప్రమాణం ఉంది. ఈ సేఫ్టీ గ్లాసుకు నాణ్యత నియంత్రణ ఉత్తర్వును, అంటే ఆ ప్రమాణం పాటించి తీరాలన్న ఆదేశాన్ని, కేంద్రం 2020లో తెచ్చింది. మా ఇంట్లో కిటికీలన్నీ వెతికాం. లోపలి అద్దాల మూలన ముద్ర ఉంది, బయటి వాటికి లేదు. మేస్త్రీ తన పోలరైజ్డ్ చలవ కళ్ళద్దాలు నాకిచ్చి చూడమన్నాడు. అద్దం మీద లేత మచ్చలు వరుసగా కనిపించాయి, అంటే టఫెన్ చేసినదే. కానీ చేసిందెవరో ఆ అద్దం మీద లేదు. కింద పడి ఎవరికైనా తగిలితే ఎవర్ని అడగాలి? బిల్డర్ ఆఫీసు కిటికీల కాంట్రాక్టర్ని చూపించింది, అతను అద్దాల ఫ్యాక్టరీని చూపించాడు, ఫ్యాక్టరీవాళ్ళు "బిగింపులో తేడా" అన్నారు. వారంటీ కార్డులో చూస్తే అద్దం పగలడానికి అది వర్తించదని చిన్న అక్షరాల్లో రాసి ఉంది.

కార్డు ఏమన్నా చట్టం ఇంకోటి చెబుతోంది. 2016 నాటి రెరా చట్టం (ఇళ్ళు, ఫ్లాట్లు కట్టి అమ్మేవాళ్ళ మీద నియంత్రణ చట్టం) 14(3) సెక్షను ప్రకారం ఫ్లాటు స్వాధీనం చేసిన ఐదేళ్ళలోపు పనితనంలోనో నాణ్యతలోనో లోపం బయటపడి మనం చెబితే, 30 రోజుల్లో బిల్డరే ఖర్చు లేకుండా సరిచేయాలి. మాకు తాళాలిచ్చి ఇంకా ఐదేళ్ళు కాలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తయారీదారు, అమ్మినవాడు, సేవ చేసినవాడు ముగ్గురి మీదా బాధ్యత మోపే వీలుంది. కాబట్టి వాళ్ళలో ఎవరి వాటా ఎంతో వాళ్ళే తేల్చుకోవాలి, మనం తిరగక్కర్లేదు. మేం అడగాల్సింది బిల్డర్‌ని.

సాయంత్రం సెల్లారులో అసోసియేషన్ వాళ్ళం కూర్చున్నాం. నడిచే దారి మీదున్న కిటికీలకు బయటి వైపు లామినేటెడ్ అద్దం వేయించాలని నేనన్నాను. అది పగిలినా ముక్కలు మధ్యలో ఉన్న పొరకు అతుక్కునే ఉంటాయి, కింద పడవు. "చాలా ఖర్చవుతుంది కదమ్మా," అని ఒకాయన అన్నారు. బాబాయ్ గారు ఆయనకు హుద్‌హుద్ తుఫానుని గుర్తుచేశారు. 2014 అక్టోబరు 12న గంటకు 180 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. ఆ మర్నాడు సిరిపురం వైపు రోడ్ల మీద గాజు ముక్కలు తొక్కుకుంటూ నడిచినవాళ్ళం మేమంతా. గాలి భారాలు లెక్కగట్టే ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు మూల వేగం, అంటే లెక్కకు ఆధారంగా తీసుకోవాల్సిన గాలి వేగం, సెకనుకు 50 మీటర్లు. మా కిటికీల మందం ఆ లెక్కతోనే తేల్చారా అన్నదానికి కాగితం కావాలని ఆయన పట్టుబట్టారు. ఆ తర్వాత ఖర్చు మాట ఎవరూ ఎత్తలేదు.

ఉత్తరం రాసేశాం. గాలి లెక్క కాపీ, హీట్ సోక్ పరీక్ష రిపోర్టు, అద్దం చేసిన ఫ్యాక్టరీ పేరు ఇవ్వాలని, కిటికీల్లో మూసుకుపోయిన కన్నాలన్నీ తెరిచి బాగుచేయాలని, దారి మీది కిటికీలకు లామినేటెడ్ అద్దం వేయాలని అడిగాం. ఫోటోలు జతచేశాం. అప్పటివరకు ఆ దారికి రెండు వైపులా తాడు కట్టించాం, పిల్లలు సైకిళ్ళు వెనక గేటు వైపు తొక్కుకుంటారు. హైదరాబాదులో ఉంటున్న ఓనర్ల సంతకాలు మాత్రం ఇంకా రావాలి. అవి రాగానే స్పీడ్ పోస్టులో వేస్తాం, రసీదు నా దగ్గరే ఉంచుకుంటాను. 30 రోజుల లెక్క వాళ్ళకి ఉత్తరం అందిన రోజు నుంచే వేస్తాం.