తవుడిచ్చి కొన్న పిల్లలు

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం మల్కాజ్‌గిరిలో మా అపార్ట్‌మెంటు మెట్ల మీద కూర్చుని మా బుజ్జికి జడ వేస్తున్నాను. కదలకుండా కూర్చోవే అంటే వినదు. విసుగొచ్చి, చిన్నప్పుడు మా అమ్మ నన్ను అన్న మాటే నేనూ అనేశాను. "నువ్వసలు మా పిల్లవే కాదు పో, తవుడిచ్చి కొనుక్కున్నాం నిన్ను." బుజ్జి పకపకా నవ్వింది. మాది తణుకు దగ్గర పల్లెటూరు. అక్కడ ఈ మాట పడకుండా పెరిగిన పిల్లలు లేరు. మా ఇల్లు రైసు మిల్లు పక్కనే. అందుకని నేనైతే చాలా రోజులు అది నిజమే అనుకున్నాను.

కింది మెట్టు మీద చిట్టి కూర్చుని ఉంది. పక్క ఫ్లాటు అక్క కూతురు, నాలుగున్నరేళ్లు. ఆ పిల్ల నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే అక్క బ్యాంకుకి బయల్దేరుతూ మా తలుపు తట్టింది. "రాత్రి పడుకునే ముందు చిట్టి అడిగింది. అమ్మా, నన్ను ఎంత తవుడిచ్చి కొన్నావు అని" అంది. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

చిట్టిని అక్క దత్తత తీసుకుంది. తను పెళ్లి చేసుకోలేదు. మన చట్టం ప్రకారం ఒంటరి ఆడవాళ్లు ఆడపిల్లనైనా మగపిల్లాణ్నైనా దత్తత తీసుకోవచ్చు. ఒంటరి మగవాళ్లకు మాత్రం ఆడపిల్లను ఇవ్వరు. కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ 'కారా'లో పేరు నమోదు చేసుకుని మూడున్నరేళ్లు ఎదురు చూసింది అక్క. ఇంటికొచ్చి విచారించేవాళ్లు, ఆరోగ్యం కాగితాలు, ఆదాయం కాగితాలు, చివరికి ఉత్తర్వు. ఇదివరకు ఆ ఉత్తర్వు కోర్టు ఇచ్చేది. 2022 సెప్టెంబరు నుంచి జిల్లా కలెక్టర్లు ఇస్తున్నారు. పిల్లల్ని కొనడం, అమ్మడం నేరమని అదే చట్టం చెబుతుంది. అంత దారి నడిచి తెచ్చుకున్న పిల్ల ముందు నేను కొనుక్కోవడం గురించి మాట్లాడాను.

చిట్టి ఇంటికొచ్చిన మొదటి రోజు నుంచే అక్క ఆ కథ చెబుతోందట. మాటలు కూడా రాని పిల్లకి, చెప్పడం తనకే అలవాటు కావాలని. "నువ్వు నా కడుపులో పెరగలేదు తల్లీ. ఇంకో అమ్మ కడుపులో పెరిగావు. ఆమె నిన్ను పెంచలేకపోయింది. నేను ఇక్కడ నీ కోసం చూస్తూ ఉన్నాను. నిన్ను భుజాన వేసుకుని కారులో తెచ్చుకున్నాను. దారంతా నా చున్నీ కొస పిడికిట్లో పట్టుకుని నిద్రపోయావు." ఆ చున్నీ ఇప్పటికీ ఉంది, లేత పసుపు రంగుది. ఏటా ఆ తేదీకి పరమాన్నం వండుతారు. ఆ పరమాన్నం మూడేళ్లుగా మేమూ తింటున్నాం. ఎందుకు వండారని బుజ్జి అడిగితే మాత్రం "ఊరికే" అని దాటేశాను.

తప్పయిపోయిందక్కా అన్నాను. "అదేం వద్దు గానీ, బుజ్జికి కూడా నిజం చెప్పు. ఇద్దరూ ఒకచోట ఆడుకునే పిల్లలు. ఒకరికి నిజం, ఒకరికి తవుడు అంటే ఎలా?" అని లిఫ్టులోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. "నిన్ను కొనలేదు. నువ్వు నా కడుపులో పెరిగావు" అన్నాను. అంతటితో అయిపోతుందనుకున్నాను. బుజ్జి కాసేపు ఆలోచించి, "మరి నువ్వు అన్నం తింటే నా నెత్తి మీద పడేదా?" అంది.

మనకి అన్నం వెళ్లేదీ కడుపే, బిడ్డ ఉండేదీ కడుపే. ఐదేళ్ల పిల్ల ఆ రెండిటినీ కలిపి బొమ్మ గీసుకుంటే లోపల పప్పు, చారు, మధ్యలో తను. అప్పుడు చెప్పాను. అన్నం వెళ్లే సంచి వేరు, బిడ్డ పెరిగే సంచి వేరు. దాన్ని గర్భసంచి అంటారు, బొడ్డు కింద ఉంటుంది. అందులో ఉమ్మనీరు ఉంటుంది, నువ్వు దాన్లో ఈదుతూ ఉన్నావు. నేను తిన్న దాంట్లోని బలం గర్భసంచిలో నీతోపాటు పెరిగిన మాయలోంచి, బొడ్డుతాడులోంచి నీకు వచ్చేది. నీ బొడ్డు ఆ తాడు ఊడిన చోటే. బుజ్జి గౌను ఎత్తి తన బొడ్డు చూసుకుంది, తర్వాత నాది చూసింది, తర్వాత వాళ్ల నాన్న దగ్గరికి పరుగెత్తింది.

మా అత్తయ్య పూజగదిలోంచి వింటున్నారు. ఈ కబుర్లన్నీ ఇప్పుడు అవసరమా అంటారేమో అనుకున్నాను. ఏమీ అనకుండా బీరువా తెరిచి పసుపు గుడ్డ మూట తీశారు. అందులో వేలెడైనా లేని వెండి తాయెత్తు. బుజ్జి బొడ్డు ఊడిన రోజున ఆ ముక్కని ఎండబెట్టి అందులో పెట్టించి మొలతాడుకి కట్టారు. అది నాకు గుర్తే లేదు. బుజ్జి దాన్ని చెవి దగ్గర ఊపి చూసింది. లోపల ఏదో గలగలమంది. "ఇది నేనేనా నానమ్మా?" అంది. "నువ్వూ మీ అమ్మా కూడా. అప్పటికి ఇంకా ఇద్దరూ ఒకటే" అన్నారు అత్తయ్య. గర్భసంచి గురించి నేను చెప్పిన దానికన్నా ఆ ఒక్క మాట ఎక్కువ చెప్పింది.

మరి నేను ఎలా బయటికొచ్చానని బుజ్జి అడిగితే నా ఆపరేషన్ గీత చూపించాను. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. మన పిల్లల్లో చాలామందికి చూపించడానికి అమ్మ ఒంటి మీద ఒక గీత ఉంటుందన్నమాట. కొంతమంది పాపలు యోనిలోంచి బయటికొస్తారని కూడా చెప్పాను. లోపలికెలా వెళ్లానని రెండు రోజుల తర్వాత అడిగింది. అమ్మలో గసగసాల గింజ కన్నా చిన్న అండం ఉంటుంది, నాన్న నుంచి వచ్చే ఇంకా చిన్న కణం దాన్ని కలిస్తే బిడ్డ మొదలవుతుంది అన్నాను. "ఓహో" అని బిస్కెట్ అడిగింది. పిల్లలు అడిగినంతకే జవాబు చాలు. మిగిలింది వాళ్లే మళ్లీ అడుగుతారు.

యోని అన్న మాట మా ఇంట్లోకి ఊరికే రాలేదు. పోయిన ఎండాకాలం దాకా మేమూ ఆ చోటుని "షేమ్ షేమ్" అనేవాళ్లం. ఎక్కడ నేర్చుకున్నామో గుర్తు లేదు. ఈ ఊళ్లో ఇంగ్లీషు మీడియం ఇళ్లన్నిట్లో అదే వింటాను. పిల్ల ఒంట్లో ఒక భాగానికి సిగ్గు అనే పేరు పెట్టి, మళ్లీ ఏదైనా అయితే చెప్పమ్మా అంటాం. మే నెలలో బుజ్జి రెండు రోజులు కడుపు నొప్పి అంది. వాము నీళ్లు తాగించాను. మూడో రోజుకి జ్వరం. పిల్లల డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, "ఉచ్చ పోసేటప్పుడు మండుతోందా నాన్నా?" అని అడిగింది. బుజ్జి నా మొహంలోకి చూసింది. చెప్పొచ్చా అన్నట్టు. నేను తలూపాక, నా చెవిలో, డాక్టరమ్మ చెవిలో కాదు, "షేమ్ షేమ్ దగ్గర" అంది. పరీక్ష చేస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్. రెండు రోజులు నా పిల్ల ఆ మంట ఓర్చుకుంది, పేరు లేక.

అది మంటే కాబట్టి సరిపోయింది. ఇంకేదైనా అయ్యుంటే? పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టం, పిల్లలు చెప్పింది వాళ్లు చెప్పిన మాటల్లోనే రాసుకోవాలంటుంది. పోలీసులు యూనిఫాంలో రాకూడదు, పిల్ల ఇంట్లోనో తనకి నచ్చిన చోటో అడగాలి, పిల్ల నమ్మినవాళ్లు పక్కనుండాలి. చట్టం అంత జాగ్రత్తగా ఆ మాట కోసం ఎదురు చూస్తుంటే మనం పిల్లకి మాటే ఇవ్వలేదు. అందుకే ఇప్పుడు యోని, పురుషాంగం, పిర్రలు, ఛాతీ అని మామూలుగా అంటున్నాం, మోచెయ్యి అన్నట్టే. అక్కడ ఎవరైనా తాకి చెప్పొద్దంటే వెంటనే చెప్పాలని కూడా. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఫ్రిజ్ మీద రాసి పెట్టాను.

మొదట్లో అత్తయ్య యోని అన్న మాటకి చెవులు మూసుకున్నారు. రెండు మూడు వారాలయ్యాక ఒక శుక్రవారం లలితా సహస్రనామం చదువుతూ "అయోనిర్యోనినిలయా" దగ్గర ఆగారు. వెనక్కి తిరిగి నన్ను చూశారు. మళ్లీ చదువుకున్నారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా అభ్యంతరం చెప్పలేదు.

మొన్న ఆటోలో వస్తుంటే ఒక సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ అసిస్టెంట్ విజిల్ వేసి మమ్మల్ని ఆపింది. 2024 డిసెంబరులో హైదరాబాద్ సిటీ పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్లను ఈ పనిలోకి తీసుకున్నారు. "ఆంటీ గొంతు అంకుల్ గొంతులా ఉందేం?" అంది బుజ్జి గట్టిగా. ఆటో అతను నవ్వాడు. నేను నవ్వలేదు. "పుట్టినప్పుడు అబ్బాయి అనుకున్నారు. కాదు, నేను అమ్మాయినే అని పెద్దయ్యాక ఆమే చెప్పింది. ఆంటీ అనే అనాలి" అన్నాను. "ఆంటీ విజిల్ బాగుంది" అంది. అంతే, పచ్చలైటు పడింది.

నిన్న మళ్లీ అవే మెట్లు. డాబా మీంచి ఆరిన బట్టలు తెస్తుంటే పిల్లల మాటలు వినిపించాయి. "నేను ఆపరేషన్‌లో వచ్చాను, గీత కూడా ఉంది" అంటోంది బుజ్జి. "నేను కారులో వచ్చాను, చున్నీ కూడా ఉంది" అంటోంది చిట్టి. మధ్యలో మూడో అంతస్తు బాబు. వాళ్లమ్మానాన్నలు దుబాయ్‌లో పని చేస్తారు, వాడు పాలు మరిచినప్పటి నుంచీ అమ్మమ్మ దగ్గరే. "మరి నేనో?" అన్నాడు. ఇద్దరికీ తెలియలేదు. వాడు లేచి రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తాడు.

నేను బట్టలు లోపల పెట్టేలోగా పైనుంచి జగిత్యాల యాసలో వాడి అమ్మమ్మ పిలుపు. "బిడ్డా, జర పైకి రా! వీడేదో అడుగుతుండు, ఏం జెప్పాలె?"

వస్తున్నానత్తా అని చెప్పులు వేసుకున్నాను. మా అత్తయ్య తాయెత్తు మూట చేతికిచ్చారు.