రావెప్‌కి ఊరెళ్ళే పిల్లలకు: గోనెపట్టా మీద ఒక పాఠం

వ్యవసాయ బీఎస్సీ నాలుగో ఏడు పిల్లలు రావెప్ (ఊళ్ళో రైతుల మధ్య ఉండి పని నేర్చుకునే కార్యక్రమం) పేరుతో ఊళ్ళకు చేరేసరికి సాధారణంగా ఖరీఫ్ సగంలో ఉంటుంది. రైతులకు చూపించాల్సిన పనుల జాబితాలో మొదటి ప్రదర్శన మాత్రం విత్తనశుద్ధి, అంటే విత్తే ముందు గింజకి మందు పట్టించడం! పత్తి మోకాలెత్తు వచ్చాక, వరి నాట్లు అయిపోయాక దాన్ని చూపిస్తే రైతు మర్యాదకి వింటాడు, లేచి వెళ్ళిపోతాడు. రాబోయే పది పదిహేను రోజుల్లో ఆయన చేయబోయే పని ఏదో కనుక్కోండి. అదే మీ పాఠం. ఆగస్టులో పత్తి ఊళ్ళో ఉంటే కాయ తొలిచే గులాబీ రంగు పురుగుకి లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని రప్పించి పట్టేవి) కట్టించండి, ఎకరాకు నాలుగు. నంద్యాల, కర్నూలు, ప్రకాశం నల్లరేగళ్ళలో సెప్టెంబరు చివరికి వచ్చారంటే ఇక శనగ మాటే నడుస్తుంటుంది.

మొదటి వారం నేల మీద ఊరి పటం వేయించాలి. ముగ్గుపిండి, రంగులు, చెరువుకి, వాగుకి నీలం. ఇక్కడ జరిగే తప్పు ఎప్పుడూ ఒకటే: ముగ్గు విద్యార్థి చేతిలో ఉంటుంది. గుడి దగ్గరో, రచ్చబండ దగ్గరో ఒక గుర్తు పెట్టి, ఉత్తరం ఎటో అడిగి, డబ్బా ఊరివాళ్ళ చేతికిచ్చి పక్కకు తప్పుకోండి. మాట బాగా వచ్చిన ఒకరిద్దరు పెద్దమనుషులే గీస్తే పటం వాళ్ళ వీధుల దగ్గరే ఆగిపోతుంది. దళితవాడ, ఊరి చివరి బోర్లు, పోరంబోకు మేత భూములు అంచుకి జారిపోతాయి. కాబట్టి ఆ వాడలకు వెళ్ళి, అక్కడివాళ్ళని పిలుచుకొచ్చి గీయించాలి. ఆడవాళ్ళు వెనక నిలబడిపోతారు. నీళ్ళు ఎక్కడ తెస్తారో, గేదెల్ని ఎటు తోలుకెళ్తారో అడిగితే ముందుకొస్తారు. పటం పూర్తయిన వెంటనే చార్టు మీదకి ఎక్కించుకోండి. మేకలమంద ఒకసారి తొక్కుకుంటూ వెళ్తే మిగిలేదేమీ ఉండదు.

ఇప్పుడు అసలు పాఠం, శనగ మొలక పరీక్ష. నా మటుకు రావెప్‌లో ఇంతకంటే విలువైన ప్రదర్శన లేదు. ఖర్చు దాదాపు లేదు, ఫలితం వారంలో కంటికి కనిపిస్తుంది, పైగా ఆ విత్తనం రైతుదే.

పాత గోనెసంచి ఒకటి చాలు. ఎరువు పోసిన సంచి వద్దు, ఉప్పు అంటి మొలక చెడుతుంది. ఇంట్లో దాచిన విత్తనమైతే చెయ్యి సంచి అడుగుదాకా పోనిచ్చి, పైన, మధ్య, అడుగు మూడుచోట్లా తీయించండి. తీసిన గుప్పెడులోంచి ఏరకుండా 100 గింజలు లెక్కపెట్టాలి. రైతు చెయ్యి తెలియకుండానే లావు గింజల మీదకి పోతుంది, బక్కదీ పుచ్చు పట్టిందీ పక్కన పడతాయి. అలా ఏరితే పరీక్ష అబద్ధం చెబుతుంది. "సంచిలో ఎలా ఉంటే అలాగే లెక్కపెడదాం పెద్దాయనా" అని ముందే చెప్పండి.

గోనెను తడిపి గట్టిగా పిండి పరచండి. పదేసి గింజలు పది వరుసలు, ఒకదానికొకటి తగలకుండా పేర్చించండి. మీద ఇంకో తడి పట్ట కప్పి, చాపలా చుట్టి, రెండు చివర్లా వదులుగా కట్టి నీడలో పెట్టాలి. రోజూ చిలకరించాలి, పోయకూడదు. శనగకి నీళ్ళు ఎక్కువైతే గింజ ఉబ్బి, జిగురెక్కి కుళ్ళుతుంది. అప్పుడు తప్పు విత్తనానిదని రైతు అనుకుంటాడు, అది మన నీళ్ళది. అయిదోరోజు ఒకసారి, ఎనిమిదోరోజు చివరిసారి లెక్క. వేరు, మొలక రెండూ ఆరోగ్యంగా ఉన్నదే మొలకెత్తినట్టు. వేరు వంకరపోయినదీ, మొలక లేకుండా వేరొక్కటే వచ్చినదీ లెక్కలోకి రావు. ఈ వేరు చేయడం మీరు చెప్పకండి, ఆయన చేతే విడదీయించండి. చెడ్డ మొక్కను వేళ్ళతో పట్టుకున్నవాడికి పొలంలో ఖాళీలు ఎందుకొస్తాయో విప్పి చెప్పక్కర్లేదు.

ధ్రువీకరించిన శనగ విత్తనానికి కనీస మొలక శాతం 85. ఆయన సంచిలో 70 వచ్చిందనుకోండి. ఎకరాకు 30 కిలోలు వేసేవాడైతే 30ని 85తో హెచ్చించి 70తో భాగిస్తే దాదాపు 36 కిలోలు. అంటే ఇంకో ఆరు కిలోలు. 60కి దిగితే మోతాదు పెంచి సర్దుకోవడం కాదు, విత్తనం మార్చమనే నేను చెబుతాను. అలాంటి గింజ మొలిచినా మొక్కకి సత్తువ ఉండదు.

ఫలితం చూసిన రోజే విత్తనశుద్ధి చూపించండి, ఇప్పుడు రైతుకి అవసరం ఉంది. చేతికి తొడుగులు వేసుకుని కిలో విత్తనానికి 3 గ్రాముల థైరమ్ అనే తెగుళ్ళ మందు పట్టించాలి. రైజోబియం, అంటే వేరు బుడిపెల్లో నత్రజని పట్టి మొక్కకిచ్చే సూక్ష్మజీవుల పొడి, ఎప్పుడూ ఆఖరున. 100 మి.లీ. నీటిలో 10 గ్రాముల బెల్లం వేసి మరగబెట్టి, పూర్తిగా చల్లార్చి, 10 కిలోల విత్తనం మీద చిలకరించి, 200 గ్రాముల పొట్లం కలిపి నీడలో ఆరనివ్వాలి. వేడి పాకం పోసినా, ఎండలో ఆరబెట్టినా సూక్ష్మజీవులు చస్తాయి. పొట్లం మీద గడువు తేదీని రైతు చేతే చదివించండి.

ఎరువుల దగ్గర మాట తడబడుతుంది. పుస్తకంలో హెక్టారు, ఊళ్ళో ఎకరం. పుస్తకంలో భాస్వరం కిలోలు, ఊళ్ళో బస్తాలు. శనగకి ఎకరాకు సిఫారసు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం, 16 కిలోల గంధకం. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. చూడగానే లెక్క కుదిరినట్టే ఉంటుంది, కానీ గంధకం ఏదీ? రెండున్నర బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తే 20 కిలోల భాస్వరంతో పాటు 14 కిలోల దాకా గంధకం వస్తుంది. నత్రజనికి 17, 18 కిలోల యూరియా చాలు. ఈ లెక్క ముందురోజు రాత్రే కాగితం మీద చేసుకుని వెళ్ళండి. రైతు ముందు ఫోన్ తీసి భాగహారం మొదలుపెడితే మాట మీద గురి తగ్గుతుంది.

మొలకల గోనె విప్పే రోజు మీకు వేరే కార్యక్రమం పడినా సరే, మీ జట్టులో ఒకరైనా ఆ ఇంటికి వెళ్ళి తీరాలి. గోనె కట్టించి మళ్ళీ రానివాళ్ళని ఊరు గుర్తుపెట్టుకుంటుంది, తర్వాతి ఏడు వచ్చే జట్టుకి తలుపు తీయదు. ఆ రోజు లెక్క రాసిన చీటీ విత్తనం సంచికే కుట్టించి రండి: తేదీ, రకం, నూటికి ఎన్ని, ఎకరాకు ఎన్ని కిలోలు.