ఆగిపోయిన మ్యాచ్, గెలిచిన జట్టు

2023 మేలో అమెరికా మహిళల కాలేజీ టెన్నిస్ జాతీయ పోటీకి, అంటే ఎన్‌సీఏఏ డివిజన్ వన్ ఛాంపియన్‌షిప్‌కు, మా అమ్మాయి జట్టు అర్హత సాధించింది. మొత్తం 64 జట్లు. మా కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) గెలిచిన జట్టు కాబట్టి మాకు నేరుగా చోటు దొరికింది. మొదటి రెండు రౌండ్లు 16 మేటి జట్ల సొంత కోర్టుల్లోనే జరుగుతాయి. మేము కారులో చాలా దూరం వెళ్లాం. అవి సెమిస్టర్ చివరి పరీక్షల రోజులు కూడా. అమ్మాయి ఒక పేపరు హోటల్ గదిలోనే రాసింది.

ముందు మూడు డబుల్స్ ఒకేసారి మొదలవుతాయి, ఒక్కోటి ఒక్క సెట్టు. మూడింటిలో రెండు గెలిస్తే జట్టుకు వచ్చేది ఒకే పాయింటు. దాని కోసం ఎంత అరుపులో! మాకు ఆ పాయింటు దక్కింది. ఆ తర్వాత ఆరు సింగిల్స్, ఒక్కో గెలుపుకు ఒక్కో పాయింటు. ముందుగా 4 పాయింట్లు చేరిన జట్టుదే గెలుపు.

ఆ ఆరు సింగిల్స్‌లో మా అమ్మాయిది ఐదో స్థానం, ఆట చివరి వైపు కోర్టులో. ఇక్కడ అడ్వాంటేజ్, అంటే 40-40 తర్వాత రెండు పాయింట్ల తేడాతో గెలవాలన్న పద్ధతి, ఉండదు. 40-40 అయితే ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది, ఏ వైపు నుంచి సర్వీసు అందుకోవాలో రిసీవరే ఎంచుకుంటుంది. మూడో సెట్టులో 4-4, మళ్లీ 40-40. కుడి వైపే కావాలని రాకెట్‌తో చూపించింది. అరచేతి చెమటను స్కర్టుకు తుడుచుకుని రెండడుగులు ముందుకు జరిగింది. సర్వీసు రాకముందే పక్క కోర్టులో కేరింతలు! మా జట్టుకు నాలుగో పాయింటు వచ్చేసింది. దాంతో మా అమ్మాయి మ్యాచ్ అక్కడికక్కడే ఆపేశారు. రాకెట్ వదిలేసి జట్టు దగ్గరికి పరుగెత్తింది.

ఆ పాయింటు ఆడనివ్వాల్సింది. రెండున్నర గంటలు పోరాడిన ఇద్దరు పిల్లలకు గెలుపూ లేదు, ఓటమీ లేదు. రికార్డులో ‘అసంపూర్తి’ అని మాత్రమే ఉంటుంది. రాత్రి భోజనాల దగ్గర ఈ మాట అంటే అమ్మాయి ఒప్పుకోలేదు. “అమ్మా, నేను మూడో సెట్టు దాకా లాగబట్టే కదా పక్క కోర్టులో మా జట్టు అమ్మాయి నిదానంగా ఆడగలిగింది!” అంది. వాళ్ల కోచ్‌దీ అదే మాటట.

మరుసటి రోజు ఆతిథ్య జట్టు మమ్మల్ని 4-0తో ఓడించింది. వాళ్ల సర్వీసులకు మా దగ్గర జవాబు లేదు. ఫైనల్ ఓర్లాండోలో జరిగింది. నార్త్ కరోలినా యూనివర్సిటీ 4-1తో ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీని ఓడించి మొదటిసారి కప్పు అందుకుంది. ఇంట్లో కూర్చుని అంతా టీవీలో చూశాం. నాలుగో పాయింటు పడగానే మిగతా కోర్టుల్లో ఆట ఆగిపోయింది. నేను మళ్లీ గొణిగాను, తను మళ్లీ వాదించింది.