కారైకుడికి మోసుకెళ్లిన ఎరుపు

కార్తీకంలో కారైకుడి వైపు వానలు వదలవని చెన్నైలో ఉండే మా అన్నయ్య ముందే హెచ్చరించాడు. ఆయన దిగులు రైళ్ల ఆలస్యం గురించి, నా దిగులు సంచీలోని నాలుగు గాజుసీసాల గురించి. పొటాషియం, సిలికాన్, ఫ్లోరిన్‌ల స్ఫటికంలో పిసరంత మాంగనీసు చేర్చి నేను రెండేళ్లుగా తయారు చేస్తున్న ఫాస్ఫర్ పొడికి, అంటే నీలి వెలుగును పీల్చి ఎర్రగా వెలిగే పొడికి, తేమ బొత్తిగా గిట్టదు.

గొడవ మా ఊరి స్టేషన్లోనే మొదలైంది. తనిఖీ చేసే అతను సీసా పైకెత్తి "ఏంది సార్, పసుపా?" అన్నాడు. పగటి వెలుగులో అది లేత పసుపుగానే ఉంటుంది. కారైకుడిలో కొలతల కోసం తీసుకెళ్తున్నానని ఉత్తరం చూపించినా వినక మూత తీయించాడు. చివరకు నీలి టార్చి వేస్తే పొడి ఎర్రగా వెలిగింది. "సున్నం కలపకుండనే పారాణి అయింది గద సార్!" అని అతను నవ్వేసరికి నా కోపం సగం దిగిపోయింది. ఆ హడావుడిలో మూత సరిగా బిగించలేదని మాత్రం తర్వాత తెలిసింది.

చెన్నై ఎగ్మూరు స్టేషన్లో పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, చీకటి పడ్డాక కారైకుడిలో దిగి, ఆటోవాడు అడిగినంతా ఇచ్చుకుని మెస్సు చేరాను. అరటాకు ముందు కూర్చోగానే నా వృత్తిరోగం బయటపడింది. పైన ఎల్ఈడీ ట్యూబు వెలుగుతోంది, ఆకులో చెట్టినాడు కోడికూర మట్టిరంగులో ఉంది. మా అమ్మమ్మ వంటింట్లో అరవై వాట్ల బల్బు కింద తాలింపులోని ఎండుమిరపకాయ కూడా నిప్పుకణికలా కనిపించేది. నిచియా సంస్థ 1996లో జపాన్‌లో తెచ్చిన పద్ధతిలో, సుమారు 450 నానోమీటర్ల (వెలుగు రంగును తెలిపే తరంగదైర్ఘ్యపు కొలత) నీలి చిప్‌ మీద పసుపు ఫాస్ఫర్ పూస్తారు. ఆ రెండూ కలిసి కంటికి తెలుపనిపిస్తాయి గానీ, అందులో ఎరుపు పలుచన. వస్తువుల రంగుల్ని బల్బు ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే, డబ్బా మీద గొప్పగా అచ్చువేసే వర్ణసూచీ (సీఆర్ఐ) ఎనిమిది లేతరంగుల సగటే కాబట్టి, ముదురు ఎరుపు ఎంత చెడినా నూటికి 80 మార్కులు వచ్చేస్తాయి. దీన్ని మోసమని అనలేను గానీ, కొన్నవాడికి ఈ సంగతి చెప్పేవాళ్లు లేరు.

మర్నాడు 1948లో శంకుస్థాపన జరిగిన విద్యుత్ రసాయన పరిశోధనా సంస్థకు వెళ్లాను. దాని కోసం ఆ ప్రాంతపు వ్యాపారవేత్త, దాత అళగప్ప చెట్టియార్ 300 ఎకరాలు, 15 లక్షల రూపాయలు ఇచ్చారు. మూడు సీసాల కొలతలు బాగానే వచ్చాయి. ఎల్ఈడీల్లో ఎరుపు కోసం వాడే నైట్రైడ్ (నత్రజని సమ్మేళనం) ఫాస్ఫర్లు చిమ్మే వెలుగులో కొంత, 650 నానోమీటర్లు దాటి, కంటికి సరిగా ఆనని చోట వృథా అవుతుంది. నా పొడి మాత్రం 631 నానోమీటర్ల దగ్గర సన్నటి గీతల్లా వెలిగింది. మూత వదులైన నాలుగో సీసాలో మాంగనీసు తేమకు ఆక్సైడై, పొడి పైపొర గోధుమరంగుకు తిరిగింది. గింజలకు తేమ చొరని పూత పెట్టకుండా ఈ పొడి బల్బులోకి ఎక్కదని నాకు ముందే తెలుసు, అయినా ఆ రంగు చూడగానే ప్రాణం ఉసూరుమంది.

మధ్యాహ్నం, నేలకు పరిచే రంగుపలకలకు పేరున్న పక్క ఊరు ఆత్తంగుడి వెళ్లాను. గాజుపలక మీద అచ్చు పెట్టి, అందులో రంగులు పోసి, అచ్చు తీసి, వెనక ఇసుక, సిమెంటు పరిచి, బట్టీ లేకుండా నీటిలో నానబెట్టి పలకలు చేస్తారు. ఎర్రపువ్వున్న పలక ఒకటి, బేరం ఆడినా తగ్గని ధరకు కొన్నాను. లాడ్జి గదిలో ట్యూబు కింద ఆ పువ్వు ఇటుకపొడిలా వెలిసిపోయింది. లైటు ఆపి, మంచి సీసా ఒకటి దాని పక్కన పెట్టి నీలి టార్చి వేస్తే, సీసా నీడ పడిన ఒక్క రేక తప్ప పువ్వంతా మళ్లీ ఎర్రబడింది.

తిరుగు ప్రయాణంలో మూతల చుట్టూ కొవ్వొత్తి మైనం పోశాను. ఈసారి తనిఖీలో సీసాల జోలికి ఎవరూ పోలేదు, పలకను మాత్రం మూడు పొరల కాగితం విప్పించి చూశారు.